తిమ్మప్ప కొట్టిన వేర్లు

మా ఆయన తిమ్మప్ప పరమపదించాడన్న వార్త నాకు నాగర్‌కర్నూలు నుంచి ఫోనులో వచ్చింది. మర్నాటి ప్రదర్శనకు కంచాలు పరచాలని ఒకరోజు ముందే బయలుదేరి పోయాడు. నేను గద్వాలలో మా ఇంట్లో పచ్చిపులుసుకు చింతపండు నానబెడుతున్నాను. గుండె ఆగిందమ్మా, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది అని ఎవరో చెబుతున్నారు. నేనేం అడిగానో తెలుసా? కంచాలన్నీ పరిచాడా అని అడిగాను. అవతలి మనిషి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే వనపర్తి డ్రాయింగ్ టీచరమ్మ రాస్తున్నది. పెద్ద మాటలు కొన్ని ఆమె వేసినవి, సంగతులన్నీ నావి. ఆయనను ఎరిగినవాళ్ళు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు జిల్లాల్లోనూ ఉన్నారు. ఎరుగనివాళ్ళకు కూడా ఆ మహానుభావుడు ఎటువంటివాడో తెలియాలి.

ఆయన వృత్తి గిన్నెల మీద పేర్లు కొట్టడం. స్టీలు సామాన్ల దుకాణం ముందర చిన్న బల్ల, ఒక ఉలి, ఒక సుత్తి. కరెంటు మిషన్లు వచ్చినా ఆయన ఉలి వదలలేదు. పెళ్ళి సామాను మీద పెట్టినవాళ్ళ పేరు కొట్టి, పక్కన అడగకుండానే ఒక చిలుకను కొట్టేవాడు. చుక్క పక్కన చుక్క పడుతుంటే అక్షరం మొలకెత్తినట్టు ఉండేది. నేను అన్నం గిన్నె తీసుకుపోయి, ఆయన తినేదాకా కూర్చుని ఆ చేతినే చూసేదాన్ని. ఊరి పేర్లన్నీ కొడుతున్నడు, ఈని పేరు ఎవనికీ తెల్వదు అని మా అత్త ఎగతాళి చేసేది.

పద్మ మా ఆడబిడ్డ. భర్తతో బొంబాయి కట్టడాల పనికి పోయింది. అక్కడ భర్త చనిపోయాడు. తిరిగొచ్చిన పద్మకు పరీక్ష చేసి హెచ్ఐవీ ఉందన్నారు. ఒక కంచంలో తింటే, ఒక గ్లాసులో తాగితే ఆ జబ్బు అంటదని ఇప్పుడందరూ చెబుతున్నారు. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వేరే ఇళ్ళల్లో అట్లాంటివాళ్ళ కంచానికి గోళ్ళరంగుతో చుక్క పెట్టేవారు. మా ఇంట్లో పేర్లు కొట్టే మనిషే ఉన్నాడు కదా. మా అత్త ఒక కంచం తీసి కొడుకు చేతికిచ్చింది.

"దీని మీద వేరు అని కొట్టురా తిమ్మా. లేకుంటే కడిగేటప్పుడు కలుస్తది."

ఆయన కొట్టాడు. అలవాటుపడిన చెయ్యి, అందంగానే కొట్టింది. ఆ పూట అన్నం వడ్డించకముందే పద్మ కంచం ఎత్తి చూసింది. చదువుకున్న పిల్ల.

"ఏందన్నా, వేరు ఒక్కటే కొట్టినవు. చెట్టు మరిచినవా?" అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. పద్మ చివరిదాకా ఆ కంచంలోనే తిన్నది. మందులు మొదలుపెట్టేసరికే ఆలస్యమైపోయింది, నిలవలేదు. ఆమె పోయాక మా అత్త ఆ కంచాన్ని కృష్ణలో వేసి రమ్మన్నది. ఆయన బీచుపల్లి దాకా పోయి, దాన్ని చంకలో పెట్టుకునే తిరిగొచ్చాడు. ఏమయిందని అడిగితే, స్టీలు మీద కొట్టింది చెరగదు, నీళ్ళల్ల ఏసినా గట్లనే ఉంటది, ఇంక ముందుకు కొట్టుకుంట పోవాలె అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. బల్ల ముందు కూర్చుని, 'రు' అక్షరానికి ఉన్న కొమ్ము చివర నుంచి సన్నని వేరు ఒకటి దించాడు. దానికి పిల్లవేర్లు, వాటికి నూగువేర్లు. కంచం నిండి, అంచు దాకా పోయాయి. పద్మ అడిగిన చెట్టుకు వేర్లు పారుతున్నాయని నాకు తోచింది. చెప్పలేదు, ఆయనకు తెలియని సంగతా అది.

ఆ కంచం దుకాణం ముందు వేలాడుతుంటే అడిగినవాళ్ళకల్లా దాని కథ చెప్పేవాడు. తర్వాత అట్లా వేరుగా పెట్టిన కంచాలు వాటంతట అవే రావడం మొదలైంది. గట్టు అనే ఊరి నుంచి ఒక ముసలాయన కొడుకు కంచం తెచ్చాడు. ఒకామె పేరు చెప్పకుండా బల్ల మీద పెట్టి పోయింది. చుక్కలున్నవి, అంచు వంచినవి, బొక్క పొడిచినవి. ఆయన ఒక్క గుర్తునూ చెరపలేదు. ఆ గుర్తు దగ్గరినుంచే వేరు తీసేవాడు. ఒక కంచం అంచున ఆగిన వేరు పక్క కంచం అంచున అందుకునేది. కడిగిన తర్వాత మళ్ళీ పరిచేటప్పుడు వేరుకు వేరు కలిసేదాకా నేను కంచాలు తిప్పుతూ కూర్చునేదాన్ని. ఎంత పొడుగు పరిచినా ఎక్కడా తెగని వేరు. ఒక మనిషి చెయ్యి ఇంత చేయగలదా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

టీచరమ్మ దుకాణం ముందు వాటిని చూసి, వస్తువులను ఇట్లా పేర్చి చూపించే కళను పట్నంలో ఇన్‌స్టలేషన్ అంటారన్నది. అన్నం తినే తల్లెకు ఇంత పెద్ద పేరా అని ఆయన నవ్వాడు. ఆమె పూనికతోనే వనపర్తిలో మొదటి ప్రదర్శన జరిగింది. గోడల నిండా కంచాలు. జనం వచ్చి ఫోటోలు దిగి, బాగుంది బాగుంది అని పోయారు. ఇంటికొచ్చి ఆయన కంచాల మూట దించాడు. గోడకు కొడితే మళ్ళ వేరే పెట్టినట్టే అయింది కద అన్నాడు. మరుసటి ప్రదర్శన గద్వాలలో. ఈసారి కంచాలన్నీ నేల మీద భోజనాల బంతిగా పరిచాడు. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. చూడవచ్చినవాళ్ళు కూర్చుని తినాలి. తలుపు దగ్గర డబ్బా, ఎవరికి తోచింది వాళ్ళు వేయాలి. అది నెలనెలా మాత్రలకు పోయేవాళ్ళ బస్సు కిరాయికీ, గుడ్లకూ.

ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. గోడ వెంబడి నిలబడి చూశారు. పద్మ కంచం ముందు ఆయన ఒక్కడే కూర్చున్నాడు, నేను వడ్డించాను.  అంతలో బొంబాయి బస్సు దిగిన కూలామె ఒకతె మూటతో సహా లోపలికి వచ్చి పక్కన కూర్చున్నది.

"ఆకలైతుంది. కథ తర్వాత చెప్పుండ్రి, ముందుగాల రొట్టె ఏయుండ్రి" అన్నది.

నవ్వులు లేచాయి. నవ్విన తర్వాత నిలబడి ఉండడం కష్టం. ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు.

ఆయనకూ ఆ జబ్బు ఉందట అని ఊరంతా గుసగుస. పెళ్ళి సామాను రావడం తగ్గింది. లేదని ఒక్కమాట చెప్పవయ్యా అని నేను బతిమాలాను. లేదంటే, ఉన్నోళ్ళను నేను వేరు చేసినట్టు అన్నాడు. చనిపోయేదాకా ఉందనలేదు, లేదనలేదు. ఉన్నదో లేదో నేను కూడా ఇక్కడ చెప్పను. ఆయన నిలబెట్టిన మాటను నేను పడగొట్టను.

ఇన్ని ఊళ్ళవాళ్ళు తిన్నారు, మా అత్త తినలేదు. ఆ బంతి దిక్కుకే రాలేదు. అమ్మ ఒక్కసారి ఆ కంచాల్లో చెయ్యి పెడితే చాలని ఆయనకు ఎంత ఆశో నాకు తెలుసు. నేను పిలుచుకొస్తానంటే వద్దన్నాడు. అమ్మ వస్తే ఆకలితోని రావాలె, సిగ్గుతోని కాదు అన్నాడు. ఆ ఆశ తీరకుండానే పోయాడు.

దినాలు గడిచాక ఒక మధ్యాహ్నం బల్మూరు నుంచి బస్సులు మారి ఒకామె వచ్చింది. ఆయన పోయిన సంగతి తెలియదు. నేను చెప్పాను. వాకిట్లోనే కూలబడింది. ఇంత దూరం వచ్చినవు, తిని పొమ్మన్నాను. లోపలికి రాలేదు. సంచిలోంచి తన కంచం, తన గ్లాసు తీసి ముందర పెట్టుకున్నది.

"దీంట్లనే ఏయుండ్రి అక్కా. మీ తల్లె ఎందుకు కరాబు."

మా అత్త తన కంచు కంచంలో అన్నం కలుపుకోబోతూ ఆ మాట విన్నది. అది ఆమె పుట్టింటిది, మా ఎవరినీ ముట్టనివ్వదు. దాన్ని పట్టుకుని లేచి వాకిట్లోకి వచ్చింది.

"నీ తల్లె ఇటియ్యి బిడ్డా" అన్నది.

బల్మూరు ఆమె ఇవ్వలేదు. మా అత్తే వంగి తీసుకున్నది. కంచు కంచాన్ని ఆమె ముందు పెట్టి, తాను నేల మీద పక్కన కూర్చుని, నాకు దీంట్ల పెట్టవే అన్నది నాతో. వడ్డిస్తుంటే కొంత అన్నం కింద పడింది. మా అత్త దాన్ని ఏరి కంచంలో వేసుకున్నది. సగం తిని, కంచాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద ఏం కొట్టలేదు కదనే."

"అన్న కొడ్తడని తెచ్చిన పెద్దమ్మా" అన్నది బల్మూరు ఆమె.

మా అత్త ఏడ్వలేదు. కంచం ఖాళీ చేసి లేచింది.

బల్మూరు ఆమె వదిలిపోయిన ఆ కంచం ఇప్పుడు వరుసలో చివర ఉంది. పక్క కంచం అంచు దాకా వచ్చిన వేరు అక్కడే ఆగింది. అది అందుకునే చెయ్యి ఈ జిల్లాల్లో ఇంకొకటి లేదు, ఇక పుట్టదు. దండం పెట్టి చెబుతున్నాను, వినపడితే విను. నీ తల్లి తిన్న కంచం మీద వేరు లేదయ్యా.