బతుకమ్మకు నేను కట్టిన సౌండ్ డబ్బా

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ ట్రైనీగా చేరి నాలుగు నెలలైంది. నట్టు ఎటు తిప్పితే బిగుస్తుందో తెలిసింది కాబట్టి లోకంలో మిగిలినవన్నీ అటే బిగుస్తాయని ధీమా. ఆ ధీమాతోనే సద్దుల బతుకమ్మకు సౌండ్ డబ్బా నేనే కడతానని అమ్మకు మాటిచ్చాను. మాది ఇంద్రేశం. మా చేను చుట్టూ ప్లాట్లు పడి, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల ఆడవాళ్లకు డీజే పాటలే తప్ప పాత పాటలు రావని అమ్మకు బెంగ. మా పెద్దమ్మ పాడిన పాటలు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకుంది. వీధంతా వాటికే ఆడాలని ఆమె కోరిక. "మా పిలగాడు ఫ్యాక్టరీల పనిజేస్తుండు, డబ్బా వాడే కడ్తడు. కిరాయిది ఒద్దు" అని ఇంటింటికీ తిరిగి చెప్పి, ముందే మాట్లాడిన డబ్బాను వద్దనిపించింది. ఇంకేముంది, వీధి ముందు అమ్మ పరువు నా చేతిలో పడింది.

నాకున్న చదువల్లా ఫోన్లో చూసిన ఒక వీడియో. అందులో ఒకాయన హిందీలో మాట్లాడుతూ పది నిమిషాల్లో ఆంప్లిఫయర్ కట్టేస్తాడు (అసలు అతికించే చోట ఆయన చెయ్యి అడ్డం వస్తుంది). సామాన్ల పట్టీ రాసుకున్నాను కానీ ఒక్కటీ అర్థమైతే ఒట్టు. రెసిస్టర్ మీద అంకె ఉండదు, రంగు గీతలుంటాయి. వాటిని ఏ కొస నుంచి చదవాలో తెలియక అటూ ఇటూ తిప్పి రెండు జవాబులు తెచ్చుకునేవాణ్ని. కెపాసిటర్ మీద నూట నాలుగు అని ఉంటే అది నూట నాలుగు కాదట. కానప్పుడు ఎందుకు రాసినట్టో ఆ రాసినవాడే చెప్పాలి. చివరికి మా ఫోర్‌మన్ కాకను అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "డౌటొస్తే ఒక సైజు పెద్దదెయ్యి, మల్ల నా దగ్గరికి రాకు" అన్నాడు. బోల్టయినా కేబులయినా మా షాపులో నడిచే ధర్మం అదే. ఇంట్లో నాన్న కూడా నాకు చెప్పులు ఎప్పుడూ ఒక నంబరు పెద్దవే కొన్నాడు. ఇద్దరు పెద్దలు ఒకే మాట మీదుంటే ఇక అనుమానమెందుకు?

సంగారెడ్డిలో రేడియోలు, మిక్సీలు బాగుచేసే సేటు దుకాణానికి వెళ్లాను. ఇరవై ఐదు వోల్టుల కెపాసిటర్ తీస్తుంటే, "యాభైది ఇయ్యి సేటూ" అన్నాను. "ఏం గాదు, ఇంకా మంచిదే" అన్నాడాయన. నా రొమ్ము ఉప్పొంగింది. అదే ఊపులో పది కే (అంటే పది వేల ఓమ్‌లు) రెసిస్టర్ ఉన్నచోట వంద కే అడిగాను. సేటు ఎవరిదో మిక్సీ విప్పుతూ, "నువ్వు ఏం కడ్తున్నవో నీకే ఎర్క" అని తీసిచ్చాడు. దాన్ని కూడా మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను. కెపాసిటర్‌కు వోల్టులు ఎక్కువుంటే మేలనీ, ఫోన్ నుంచి పాట వచ్చే దారిలో రెసిస్టర్ పెరిగితే పాట గొంతు నొక్కినట్టవుతుందనీ నాకేం తెలుసు. రెండూ చిన్నవే, రెండింటికీ రెండేసి కాళ్లే.

పండుగ సాయంత్రం ఆఖరి తీగ అతికించి, డబ్బాను నేరుగా బతుకమ్మల దగ్గరికి మోసుకెళ్లాను. ముందే మోగించి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. పట్టుచీరలు కట్టుకుని వీధంతా నిలబడింది. స్విచ్ వేశాను. మా పెద్దమ్మ ఎక్కడో సదాశివపేట అవతల నుంచి పాడుతున్నట్టు వినిపించింది. సౌండ్ పెంచే మీట ఆ చివరికి తిప్పినా అంతే. "ఇగ పెట్టు బిడ్డా" అంది ఒకావిడ, ఇంకా పెట్టలేదనుకుని. అమ్మ ముఖం చూసే ధైర్యం లేక వైర్లు చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అప్పుడు అమ్మ వంగి, డబ్బాకు చెవి ఆనించి, ఒక చరణం విని, లేచి గొంతెత్తి అందుకుంది. మొదట నలుగురు ఉయ్యాలో అన్నారు. తర్వాత వీధంతా అంది. చీకటి పడేదాకా వంగి వినడం, లేచి పాడడం, ఇదే వరస.

మర్నాటికి అమ్మ గొంతు పూర్తిగా పోయింది. మూడు రోజులు ఇంట్లో సైగలే (నన్ను తిట్టడానికి కూడా సైగలు వాడుతోందేమోనని దూరంగా తిరిగాను). నాలుగో రోజు ఎదురింటి అత్త కనబడి, "మంచి పని జేసినవ్ రా. మేమంత పాడాల్నని కావాల్ననే సప్పుడు తక్కువ పెట్టినవంట గద. మీయమ్మ ఆడనే జెప్పింది" అంది. నాకు ఏం అర్థం కాలేదు. ఇంటికి పోయి అమ్మను అడిగితే, వచ్చీ రాని గొంతుతో, "మరేం జెప్పాలె? నా కొడుక్కు రాలేదని జెప్పాల్నా?" అంది.

ఇప్పుడు నేను అదే ఫ్యాక్టరీలో కంట్రోల్ ప్యానెళ్లు చూస్తున్నాను. రంగు గీతలు కళ్లు మూసుకుని చదువుతాను (కళ్లు మూస్తే రంగులు ఎలా కనబడతాయని అడగకండి). ఇవాళ్టికీ బతుకమ్మ వస్తే మా వీధి పెద్దావిడలు ఆ డబ్బా సంగతి కొత్త కోడళ్లకు చెప్పి, ఎంత తెలివైన పిల్లాడో అని నన్ను చూపిస్తారు. నేను వినయంగా తల ఊపుతాను. పక్కనే బతుకమ్మ పేరుస్తూ అమ్మ కూడా ఊపుతుంది, నావైపు మాత్రం చూడదు.