పాత సీరియల్‌కి బైండింగు: ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం మా అమ్మాయి మైత్రి. దానికి పదమూడేళ్ళు. దిండంత లావున్న ఇంగ్లీషు నవలల్ని రెండు రోజుల్లో మింగేస్తుంది. వాటన్నింట్లోనూ దాని ఈడు పిల్లలే రాజ్యాలు కూలుస్తుంటారు. ఒకరోజు భోజనాల దగ్గర "నా ఏజ్‌లో నువ్వేం చదివేదానివమ్మా?" అని అడిగింది. అడిగిందే చాలని గంటసేపు వాయించాను. మా చిన్నప్పుడు ఒక వారపత్రికలో 'పడవపిల్ల' అనే సీరియల్ వచ్చేది. తమ్ముణ్ణి దొంగలు ఎత్తుకుపోతే, గౌరి అనే అమ్మాయి వరద గోదాట్లో ఒంటరిగా పడవేసుకుని వాళ్ళ లంకకి వెళ్తుంది. దొంగల నాయకుడు కాగడా ఎత్తి "నీకు భయం లేదా?" అని గద్దిస్తాడు. "భయమేస్తోంది. అయినా వచ్చాను" అంటుంది గౌరి. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకీ, తర్వాత కాన్పు గదిలోకీ నేను ఆ రెండు ముక్కలు గొణుక్కుంటూనే వెళ్ళాను.

అంతా విని మైత్రి "బాగుంది. బుక్ ఉందా?" అంది. పుస్తకంగా రాలేదు. మా సరోజ పిన్ని వారం వారం ఆ పేజీలు చించి దాచింది. అవి మన్సూరాబాద్‌లో ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి. బైండు చేయించి దీని చేత చదివించాలని, నాలాగే ఇది కూడా ఆ మాట దగ్గర ఆగిపోవాలని నా ఆశ. నచ్చలేదంటే నా చిన్నతనాన్నే తీసిపారేసినట్టవుతుందని లోపల దడ.

మేముండేది మియాపూర్‌లో. పొద్దున ఎనిమిదింటికి మెట్రో ఎక్కితే గంటలోపే ఎల్బీనగర్. చివరి స్టేషను కాబట్టి కునుకు తీసినా దిగబోయేది అక్కడే. టికెట్టు మనిషికి డెబ్బై రూపాయల లోపు. అక్కణ్ణుంచి మన్సూరాబాద్‌కి ఆటో. డ్రైవరు నూటయాభై చెప్పి, నేను నడవడం మొదలుపెట్టాక నూరుకి దిగాడు. ఏం పనిమీద వెళ్తున్నామో విని గట్టిగా నవ్వాడు. "గీ కాలంల కతలెవరు సదువుతున్రు మేడం? మా పోరడైతే ఫోన్ల నుంచి తలనే ఎత్తడు." మైత్రికి పౌరుషం వచ్చింది. "నేను ఫోన్లో చదివేవి కూడా పుస్తకాలే అంకుల్." ఆయన అద్దంలోంచి దాన్ని చూసి "గట్లయితే మంచిదే బిడ్డా. మావోనికి గూడ జర చెప్పరాదూ" అన్నాడు. ఒకప్పుడు ఖాళీ ప్లాట్లూ తుమ్మచెట్లూ ఉన్న దారి అది. ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లే, పిన్ని ఇంటి మలుపు నేనే గుర్తుపట్టలేకపోయాను.

పిన్నిది తణుకు. పెళ్ళై ఇక్కడికి వచ్చింది. పక్క పోర్షన్లో మేముండేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోతే పిల్లలం నలుగురం చల్లటి బండల మీద బోర్లా పడుకునేవాళ్ళం. పిన్ని విసనకర్రతో విసురుతూ చదివి వినిపించేది. దొంగల నాయకుడికి బొంగురు గొంతు, గౌరికి సన్నటి గొంతు. ఆ మధ్యాహ్నాలు తిరిగొస్తాయంటే ఇప్పుడున్న ఏసీ పీకి ఇచ్చేస్తాను.

చీరల అట్టపెట్టెలో పేజీలు దొంతరగా ఉన్నాయి, పసుపుపచ్చగా. మైత్రికి తెలుగు చదవడం వచ్చు కానీ నత్తనడక. వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది. నాకు ఓపిక లేదు. నేరుగా లంక ఘట్టం ఉన్న భాగం తీసి చేతికిచ్చాను. "నీకు భయం లేదా అని నాయకుడు గద్దించాడు" దాకా వచ్చింది. "ఇదిగో, ఇప్పుడు చూడు!" అన్నాను.

"అమ్మా, ఇక్కడ ఏమీ లేదు."

నిజంగానే లేదు. పేజీ మధ్యలో పోస్టుకార్డంత మేర కత్తెరతో కత్తిరించి ఉంది. అందులోంచి మైత్రి చెయ్యి పెట్టి నాకేసి వేళ్ళు ఆడించింది. కన్నం కింద కథ మళ్ళీ మొదలవుతోంది: "ఆ మాటకి నాయకుడు కాగడా దించాడు."

"ఓసి నీ దుంపతెగ, ఇన్నాళ్ళకి అడుగుతున్నావా!" అని పిన్ని నవ్వింది. "వెనకవైపు కేకు చేసే విధానం పడింది. గుడ్డు లేకుండా, కుక్కర్లో ఇసుక పోసి. పత్రిక రాగానే కత్తిరించేశాను. కేకు రాయిలా వచ్చింది. మీ బాబాయి దాన్ని తలుపుకి అడ్డం పెట్టారు. ఆ కోపంలో కాగితం కూడా చించి పారేశాను."

"మరి గౌరి అన్న మాట?"

"నాకేం తెలుసే? కథ చదవకముందే కత్తిరించాను కదా. మీరు నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆపితే ఊరుకుంటారా? ఏదో ఒకటి అనేసుంటాను."

"'భయమేస్తోంది, అయినా వచ్చాను' అన్నావు పిన్నీ."

"అన్నానా? గుర్తులేదే."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళు తాయెత్తులా కట్టుకు తిరిగిన మాట అచ్చులో లేనే లేదట, అన్న మనిషికి గుర్తు కూడా లేదట. మైత్రి ముందు పరువు పోయింది సరే, ఇక దానికి ఇవ్వడానికి నా దగ్గర ఏముంది?

భోజనాల్లో మాగాయ వడ్డిస్తూ పిన్నే మళ్ళీ ఎత్తింది. "ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు హిందీ ముక్క రాదమ్మా. మీ బాబాయి డ్యూటీకి వెళ్ళిపోతే ఏం కావాలన్నా దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కాలి. బస్టాపు దాకా పోయి రెండుసార్లు వెనక్కొచ్చేశాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మూడోసారి, భయమేస్తే వేసింది, వెళ్దాం అనుకుని ఎక్కేశాను. అదే నోటికొచ్చుంటుందిలే." మైత్రి అన్నం కలపడం ఆపి ఆవిడనే చూస్తూ ఉండిపోయింది. తిన్నాక ఎవరూ చెప్పకుండానే మొదటి భాగం తీసి చదవడం మొదలుపెట్టింది. పిన్ని అది తప్పు పలికిన ఒత్తులు సరిదిద్దుతూ పక్కనే కూర్చుంది. మూడు భాగాలయ్యేసరికి టైము నాలుగు దాటింది.

సాయంత్రం ముగ్గురం మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. కోచింగ్ సెంటర్ల సందుల్లో జిరాక్స్ షాపులకి కొదవలేదు కానీ అందరూ స్పైరల్ చేస్తామనేవాళ్ళే. దారంతో కుట్టి గుడ్డ అట్ట వేసే ఆయన మూసారాంబాగ్ వైపు ఒక సందులో దొరికాడు. రెండు వందలు, మూడు రోజుల గడువు. పేజీలు తిప్పుతూ కన్నం దగ్గర ఆగాడు. "గిదేంది మేడం, కత్తిరిచ్చిన్రు? తెల్లకాయితం అతికియ్యాల్నా?"

"అతికించండి, దాని మీద నేను రాసుకుంటాను" అని పెన్ను కూడా తీశాను. మైత్రి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. నువ్వు రాసేస్తే గౌరి ఎప్పుడూ అదే అంటుంది. నేను చదివేటప్పుడు ఇంకేదైనా అనొచ్చు కదా."

తిరుగు ప్రయాణంలో ఆలోచిస్తూ కూర్చున్నాను. నా మాట దానికి అక్కర్లేదని మొదట చిన్నబుచ్చుకున్నాను, దాచడమెందుకు. కానీ ఆ చోటు తనదేనని అది అనుకుంటోంది. అంతకంటే నేను కోరుకున్నదేముంది? నాకు పుస్తకం ఇచ్చిందనుకున్న ధైర్యం నిజానికి బస్టాపు నుంచి రెండుసార్లు వెనక్కొచ్చిన మనిషి ఇచ్చింది. ఆవిడ ఆ వేళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర "జాగ్రత్తగా వెళ్ళండే" అని మాకు చెప్పి, ఒక్కతే ఎల్బీనగర్ రైలెక్కి వెళ్ళిపోయింది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పేజీలుంటే ఒక్క సలహా. బైండింగుకి ఇచ్చేముందు, వాటిని దాచినవాళ్ళ ఎదుట కూర్చుని పైకి చదవండి. మైత్రి పైకి చదవకపోయుంటే, ఇంత వయసొచ్చినా నాకు మా పిన్ని తెలిసేది కాదు.