యాదమ్మ అలక ఖరీదు

నిన్న పొద్దున నయాపూల్ మీద నేనెక్కిన ఆటో ఆగిపోయింది. ముందు ఒక పూల ట్రాలీ అడ్డం తిరిగి నిలబడింది. తడి గోనెసంచుల్లోంచి లేచిన మల్లెమొగ్గల వాసన మూసీ వాసనతో కుస్తీ పట్టి, దాన్ని చిత్తు చేసి, గెలిచిన పహిల్వాన్‌లా నా ముక్కులో దూరింది. అన్ని హారన్ల మధ్యా నాకు మా వసుంధర మేడం గొంతు వినిపించింది: "ఎవరు అలుగుతరో చూసినవా?"

మేడం మాకు ఎమ్మెస్సీలో ఆపరేషన్స్ రీసెర్చ్ చెప్పేవారు. ఉన్న వనరులతో ఏ పని ఎలా చేస్తే అన్నిటికంటే మేలో లెక్కగట్టే శాస్త్రం అది. శాలిబండలో నీలం తలుపున్న వాళ్లింట్లో ఆ శాస్త్రం పొయ్యి మీద కూడా నడిచేది. ఆదివారాలు క్లాసు మొత్తాన్నీ దోశలకు పిలిచేవారు. ఉన్నది ఒక్కటే పెనం, మా ఆకలి మాత్రం ఓడిపోయి అడవులు పట్టి తిరిగొచ్చిన సైన్యానిది. ఎవరి పని త్వరగా తెమిలిపోతుందో వాళ్లను ముందు పంపిస్తే, మొత్తం మీద అందరూ ఎదురుచూసే సమయం తగ్గుతుందని సూత్రం. అందుకని రెండు దోశలతో లేచేవాళ్లకు మొదటి పంక్తి. నన్ను చూడగానే, "నువ్వు పెనం కరిగేదాంక తింటవ్. ఆఖరుకు రా" అని గోడ వారకు తోలేవారు. అయితే, మొట్టమొదటి దోశ మాత్రం వాళ్ల అత్తగారికి వెళ్లేది. ఆమె ప్రతి ముక్కకూ ఒక విమర్శ నంజుకుంటూ తినేది. ఆ దోశ పూర్తయ్యేలోగా రెండు ప్రభుత్వాలు మారవచ్చు. ఉండబట్టలేక ఒకసారి, "మేడం, సూత్రం ప్రకారం మీ అత్తమ్మ నా పక్కన ఉండాలె గదా" అన్నాను. మేడం గరిటె ఆపి గొంతు తగ్గించారు. "సూత్రం అట్లనే అంటది. గాని అత్తమ్మ అలిగితే దినమంతా ఇంట్ల పొయ్యి వెలగది. జవాబు రాంగనే కలం మూయొద్దు బేటా. దానికి ఎవరు అలుగుతరో చూసుకోవాలె." నేను నవ్వి, చట్నీ అడిగి, ఆ మాట అక్కడే మరిచిపోయాను.

మా బాపుది పూల వ్యాపారం. తెల్లవారగానే గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చి, తన ట్రాలీ ఆటోలో మా చుట్టుపక్కల ఇళ్లకూ గుళ్లకూ వేసేవాడు. ఆయన తిరిగే దారిని కాగితం మీద గీస్తే పిల్లి ఆడుకుని వదిలేసిన దారపుండలా ఉండేది. చివరి ఇల్లు చేరేసరికి మల్లెలకు నడుం వంగిపోయేది. మేడం నా ప్రాజెక్టుకు సరిగ్గా ఆ దారినే ఇచ్చారు. బాపు వెంటనే ఒక షరతు పెట్టాడు. "నీ సదువు నా ఆటోకైనా పనికొస్తే సదువుకో. రాలేదనుకో, గల్లాపెట్టె కాడ కూసో. మల్ల లొల్లి పెట్టొద్దు." అలా నా ఎమ్మెస్సీ భవిష్యత్తు మొత్తం మూడు చక్రాల మీదికి వచ్చిపడింది.

నేను కంటికి కునుకు లేకుండా లెక్క వేశాను. ఎంత పొట్టి దారి తీశానంటే, దాన్ని మడిచి జేబులో పెట్టుకోవచ్చు. తెల్లారి బాపు పక్కన సేనాపతిలా కూర్చుని ఎడమ, కుడి అని ఆజ్ఞలు జారీ చేశాను. ఒక మలుపు దగ్గర బాపు బ్రేకు వేశాడు.

"యాదమ్మ?"

"ఆఖరుకు బాపు. లెక్క గట్లనే చెప్తది."

షరతు తనే పెట్టాడు కనుక పళ్లు కొరుక్కుంటూ హ్యాండిల్ తిప్పాడు. యాదమ్మ అంటే గేదెలు పెంచి పాలమ్మే మనిషి. నేను పుట్టకముందు నుంచీ బాపు బోణి ఆమె చేతిమీదే. మేం వెళ్లేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. "అందరి చేతులు తిరిగినంక నా చేతికి తెస్తవా అన్నా? మీ పూలు మీరే పెట్టుకోండ్రి" అని తలుపు వేసుకుంది. ఆ చప్పుడుకు చార్మినార్ పావురాలన్నీ ఒకేసారి లేచాయని నా నమ్మకం.  ఇంటి ముందున్న దుకాణానికి రాగానే బాపు గల్లాపెట్టె పక్కన నాకోసం స్టూలు వేసి, దుమ్ము కూడా తుడిచాడు.

సంగతి తెలిసి మేడం సాయంత్రం దుకాణానికి వచ్చారు. బాపు చాయ్ అందిస్తూనే ఫిర్యాదు మొదలుపెట్టాడు. "మీ లెక్క మా బోణి మింగింది మేడం."

"లెక్క తప్పు కాదు భాయ్. యాదమ్మ సంగతి మీవాడు దానికి చెప్పనేలేదు." నా వైపు తిరిగారు. "యాదమ్మ ముందుండాలె అని షరతు పెట్టి మళ్లీ చెయ్యి."

"అట్లయితే అది పొట్టి దారే కాదు మేడం!" అన్నాను, మొదటి బిడ్డను ఎవరో తిట్టినట్టుగా.

"ఎంత పెరుగుతది?"

మాల చుట్టే పాత పేపర్ మీదే గీసి చూశాను. "రెండు గల్లీలు."

మేడం బాపు వైపు చూశారు. "షరతుకు ధర ఉంటది భాయ్. యాదమ్మ అలక ఖరీదు రెండు గల్లీలంట. మీరు ఇదివరకు తిరిగే తిరుగుడు కంటే ఇది ఇంకా మస్తు తక్కువే. చెప్పుండ్రి, అగ్గువనా, పిరమా?"

చౌక బేరం దొరికినవాడిలా బాపు పెద్దగా నవ్వేశాడు. "అగ్గువ! ఊకె ఇచ్చినట్టే!"

మరునాడు యాదమ్మ తలుపు తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఏం రా సదువుకున్నోడా, ఇయ్యాల యాదికొచ్చిన్నా?" అంటూనే పూలు తీసుకుని, నా చేతిలో చెంబెడు పాలు పెట్టింది. ఆ రోజు చివరి ఇంటి మల్లెలు కూడా నిటారుగా దిగాయి. స్టూలు తిరిగి లోపలికి వెళ్లింది. వైవాలో, యాదమ్మే ముందెందుకని పరీక్షకుడు అడిగాడు. "అలుగుతుంది సార్" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, ఇంట్లో ఎవరో గుర్తొచ్చినట్టు కాసేపు కిటికీలోంచి చూసి, సంతకం పెట్టాడు.

ఇప్పుడు నా ఉద్యోగం సరుకు లారీలకు దారులు గీయడం. కంప్యూటర్ రెప్పపాటులో జవాబు ఇస్తుంది. నేను మాత్రం కలం మూయకుండా ఆ జవాబు చివర్లో నిలబడి ఉండే మనిషిని వెతుకుతాను. ఒక్కోసారి డ్రైవర్ భోజనం వేళ దొరుకుతుంది, ఒక్కోసారి ఎప్పుడూ చివరికే మిగిలిపోయే ఒక చిన్న దుకాణం. మేడం పోయి చాలా కాలమైంది. శాలిబండలో ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో కొత్తవాళ్లున్నారు.

నయాపూల్ మీద ట్రాలీ కదిలింది. ఆటో అతను ఫోన్ చూసి, "అన్నా, ఇట్ల పోతే జల్ది పోతం" అన్నాడు.

"వద్దు భాయ్. శాలిబండల నీలం తలుపు ఇంటి ముందు నుంచి పోనీ."

"దూరమైతది గదన్నా. ఆడ ఎవరున్నరు?"

"ఇప్పుడు మనోళ్లు ఎవరూ లేరు. పోకపోతే అలుగుతరు."

అతను అద్దంలోంచి నన్ను వింతగా చూశాడు. "మస్తు తిరుగుడన్నా."

"రెండు గల్లీలే. అగ్గువ."