బాపు పరగడుపు

మా తాతకు షుగర్ ముదిరి కాలు తీసేశారు. అందుకే ఫలక్‌నుమాలో మా గల్లీకి వచ్చే నర్సమ్మ, బాపుకు ముందే పరీక్ష చేస్తానని, పరగడుపున ఉండమని చెప్పింది. పొద్దున్నే ఆమె గడప తొక్కగానే బాపు చాయ్ తెప్పించాడు. మొహమాటపడకుండా తాగమని తానే ముందు తాగి చూపించాడు. పరగడుపూ పోయింది, పరీక్షా పోయింది. మరుసటి వారమూ అదే మర్యాద.

"కాలు పోతే ఏంజేస్తవ్ బాపూ?" అని మండిపడ్డాను.

"ఇంటికొచ్చినామెను ఒక్కతినే తాగమంటే ఇజ్జత్ ఉంటదారా?"

నర్సమ్మ నిట్టూర్చింది. "అన్నా, రేపు నువ్వే దవాఖానకు రా. ఆడికొచ్చిన మెహమాన్‌వి నువ్వే. నేనైతే చాయ్ పొయ్య."

మర్నాడు బాపు చంకలో ఫ్లాస్కుతో బయల్దేరాడు.

"అదెందుకు?"

"వట్టి చేతులతో ఎట్ల పోతంరా?"

ఫ్లాస్కు గుంజుకున్నాను. దారిలో చాయ్ హోటళ్లకు కొదవలేదు కాబట్టి చెయ్యి కూడా పట్టుకున్నాను.