మే నెలలో చిక్కుడుకాయలు

రంగనాయకులుకు గుయ్యి పడదు. లోకంలో ఏ మూల ఏ వస్తువు గుయ్‌మన్నా ఆయన చెవికి చేరుతుంది. చేరితే దాన్ని ఆపేదాకా ఆయన ఆగడు.

రాయచూరు బజారులో ఆయనది స్టీలు సామాన్ల దుకాణం. పొద్దంతా బిందెలు దొర్లుతున్నా చీమ కుట్టినట్టైనా ఉండదు. ఇంటికొచ్చి మాత్రం ఫ్యాన్ గుయ్‌మంటోందని కట్టేస్తాడు. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ కట్టేసే మనిషిని చేసుకున్నందుకు కమలాక్షి ఇరవై ఆరేళ్లుగా విసనకర్ర కింద పెట్టలేదు.

"దుకాణంల గంత మోతకు మీ చెవులకేం కాదా?"

"అది చప్పుడు. ఇది గుయ్యి," అనేవాడు.

ఉగాది ముందర కొరియర్లో ఒక పెట్టె వచ్చింది. టిఫిన్ డబ్బా అంత ఉంది. ఒక ఎర్ర దీపం, తిప్పే మరలు రెండు. పేరు సౌండ్ కార్డ్.

"కంప్యూటర్ల ఒకటి ఉండనే ఉండె. మల్ల ఇదేంది?" అంది కమలాక్షి.

"లోపలిదానికి కంప్యూటర్ గుయ్యంత అంటుకుంటది. ఇది బయట ఉంటది. మైకుల మాట తీస్కొని వైరుల శుభ్రంగ పంపుతది."

"అంటే వేరుకాపురం పెట్టింది."

"గట్లనే అనుకో."

"వేరుకాపురం పెట్టినంక మన ఫ్యాన్‌తోని దానికేం పని?"

"మైకు వింటది," అని ఆయన ఫ్యాన్ కట్టేశాడు.

ఒకరోజు పక్కింటి వెంకోబరావు పేపరు చదవడానికి వస్తే, ఫ్యాన్ కట్టేసి కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించాడు.

"ఏమన్న వినిపిస్తున్నదా?"

"ఏం లేదు."

"గదే! ఏం లేకుండ చెయ్యనీకె పది దినాలు పట్టింది."

వెంకోబరావు చొక్కా పిండుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి సొంతంగా పేపరు వేయించుకున్నాడు.

ఆ వీధిలో తోపుడుబండి మీద కూరలమ్మేది యంకవ్వ. "వంకాయలే... బదనికాయీ... బైంగన్!" అని మూడు భాషల్లో కేకేస్తే మూడు వీధుల వాళ్లు సంచులు పట్టుకునేవాళ్లు. రంగనాయకులు ఒకనాడు బండికి అడ్డంపడి, "యంకవ్వా, నీ గొంతుల గుయ్యి ఉన్నది. డాక్టరుకు చూపెట్టుకో," అన్నాడు.

కమలాక్షికి తల కొట్టేసినట్టయింది. "ఆమె ఫ్యాన్ కాదండీ!" అని లోపలికి లాక్కొచ్చింది.

యంకవ్వ మాత్రం చూపించుకుంది. గొంతులో గడ్డ ఉందన్నారు, మే నెలాఖరుకు ఆపరేషన్ అన్నారు.

"పానానికి ఏం కాదంట అక్కా," అంది కమలాక్షితో. "గొంతు వస్తదో రాదో చెప్పలేమన్నరు. కేకెయ్యకుంటే నా బండెట్ల నడుస్తది?"

అంత జరిగాక కూడా రంగనాయకులు బుద్ధి మారలేదు. పెట్టె పరీక్ష చెయ్యాలంటూ రోజూ మధ్యాహ్నం యంకవ్వనే మైకు ముందు కూర్చోబెట్టి కూరల పేర్లు అరిపించాడు. గోరువెచ్చని నీళ్లు తనే తెచ్చిచ్చేవాడు, ఫ్యాన్ తనే కట్టేసేవాడు. కమలాక్షి వంటింట్లో కుతకుత ఉడికిపోయేది.

ఆపరేషన్‌కు ముందురోజు ఆయన, "చిక్కుడుకాయలు అను," అన్నాడు.

"ఇప్పుడేడివి సావుకారూ? అవి కార్తీకంల గదా."

"ఉన్నయనుకొని అను."

యంకవ్వ పాపం అంది. ఆ కేక ముగిసీ ముగియక ముందే కమలాక్షి వంటింట్లోంచి ఊడిపడింది. "మొదలు ఫ్యాన్ వెయ్యండి! ఆమె గొంతు ఆర్కపోతున్నది. మే నెలల చిక్కుడుకాయలేంది, మీ తిక్క పాడుగాను!"

ఆయన ఇంకా వెలుగుతున్న పెట్టె ఎర్ర దీపం వైపు చూసి, "ఇంకొకపారి అంటవా?" అన్నాడు. యంకవ్వకు దగ్గు తెర వచ్చింది. అంతటితో ఆగిపోయింది. కమలాక్షి రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం రాలేదు.

నెలన్నర తర్వాత ఒక పొద్దున వీధి చివర "వంకాయలే... బదనికాయీ... బైంగన్!" అని కంచు మోగినట్టు వినిపించింది. గొంతు వచ్చేసిందనుకుని కమలాక్షి చేతిలో పిండితోనే పరుగెత్తింది. యంకవ్వ నోరు మూసుకునే బండి తోస్తోంది. బండికి కట్టిన చిన్న స్పీకరు కేకేస్తోంది. గుయ్యి లేదు, గరగర లేదు. యంకవ్వ ఒక బటన్ నొక్కింది. బెండకాయ పలికింది. ఇంకోటి నొక్కింది. బీరకాయ. తర్వాత కమలాక్షి ఇంటి వైపు చూసి రెండు చేతులూ జోడించింది.

కమలాక్షి లోపలికొచ్చేసరికి రంగనాయకులు కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాడు.

"పన్నెండు నెలల కూరలా?"

"మునక్కాయ ఒక్కటి మర్చిపోయిన."

"నాకు ముందుగాల చెప్తే ఏం పోతుండె?"

"చెప్తే మీరిద్దరు ఏడ్పు మొదలుపెడ్తరు. ముక్కు చీదితే మైకుల పడ్తది."

కార్తీకం వచ్చింది. చలికి వీధిలో తలుపులన్నీ వేసున్నాయి. బండి వచ్చింది.

"చిక్కుడుకాయలే... అవరికాయీ... సేమ్ కీ ఫల్లీ!" ఆ వెంటనే అంతే స్పష్టంగా, కమలాక్షి గొంతు: "మొదలు ఫ్యాన్ వెయ్యండి!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. వెంకోబరావు శాలువాతో సహా బయటికొచ్చి నవ్వాడు. కమలాక్షి ఉరికింది. "నా మాట తీసెయ్ యంకవ్వా!"

యంకవ్వ తల అడ్డంగా ఊపి గంప వంచి చూపించింది. వెనక వీధిలోనే సగం ఖాళీ.

గేటు దగ్గర్నుంచి రంగనాయకులు, "అన్నిట్ల గదే మంచిగ వచ్చింది. ఒక్క గుయ్యి లేదు," అన్నాడు.

"ఎట్లుంటది? ఫ్యాన్ బందుండె గదా!" అంది కమలాక్షి, కిలో చిక్కుడుకాయలు తూకం వేయించుకుంటూ.