నేను సూర్యుణ్ణి చంపిన ఆదివారం

సౌర విద్యుత్తుకు కాలం చెల్లిందని తీర్పు చెప్పి, సొంత మేనమామ కొంప ముంచబోయిన మహా మేధావిని నేనే. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో అందరూ నవ్వేశారు.

అప్పుడే సూరత్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. ఎవరు ఏ కొత్త వస్తువు కనిపెట్టినా పేటెంట్‌కు దరఖాస్తు పెడతారు కదా! ఆ దరఖాస్తులను ఏడాదివారీగా లెక్కపెట్టి సోలార్, బ్యాటరీ, గాలిమరల్లో ఏది పుంజుకుంటోందో చెప్పడం మా పని. చేరి నెల కాకముందే నాకు జ్యోతిష్కుల గర్వం వచ్చేసింది.

ఆ ఆదివారం సూరత్ పక్కనున్న జోల్వాలో రాజమల్లు మామ మగ్గాల షెడ్డుకి వెళ్లేసరికి, వాకిట్లో టెంపో నిండా సోలార్ పలకలు! కరెంటు కోతలతో విసిగిపోయిన మామ, ఏడాది ఆలోచించి తెప్పించుకున్నాడు. ఆగలేక అక్కడే లాప్‌టాప్ తెరిచాను.

"మామా, దించకు! గీ సోలార్ దరఖాస్తుల గీత చూడు. ఇన్నేండ్లు ఎట్ల ఎక్కిందో, ఆఖరి రెండేండ్లల్ల ఎట్ల కూలిందో!"

"కూలితే ఏందే?"

"కొత్తగ కనిపెట్టేటోళ్లే లేరు. సోలార్ ఖతం! రేపు పలక పాడైతే బాగుచేసేటోడు గూడ దొరకడు."

"జర పక్కా చెప్పు బిడ్డా. ఈటి కోసం ఇంకో షెడ్డాయన కాసుకోని కూసున్నడు. పోతే మల్ల దొరకయి."

"పోనీ మామా, వంద శాతం పక్కా!"

చదువుకున్న కోడలి మాట మామకు వేదం. టెంపో డ్రైవర్ కూడా మాలాగే కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడే. "వాపస్ తీస్కపో తమ్మీ" అన్నాడు మామ. టెంపో వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కుటుంబాన్ని కాపాడిన ఆనందంలో నేను నేల మీద లేను.

అంతలో, లోపలి నుంచి అంతా విన్న సారవ్వ అత్త చాయ్ తెచ్చింది. షెడ్డులో నేసిన ప్రతి తానూ ఆమె చేతి మీదుగానే బయటికి పోతుంది.

"ఏమే, గా దరఖాస్తులు పెట్టంగనే నీకు కనబడ్తయా?"

"లేదత్తా. ఏడాదిన్నర దాక బయటపెట్టరు."

"మరి పోయినేడు పెట్టినయి ఏడున్నయి?"

లాప్‌టాప్ మళ్లీ నా వైపు తిప్పుకున్నాను.

"ఈ వారం నేసిన తానులన్ని రంగుల మిల్లుల ఉన్నయి. గోదాం ఖాళీగున్నదని మగ్గాలు బందైనయంటవా?"

మగ్గాల చప్పుడు లేకపోతే నిద్ర పట్టని ఇంట్లో పెరిగినదాన్ని! రంగుకు పోయిన బట్ట ఆలస్యంగా వస్తుందని ఏడేళ్లప్పుడే తెలుసు. గీత కూలలేదు, ఆ దరఖాస్తులు ఇంకా బయటికి రాలేదు, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

"మామా, డ్రైవర్‌కు ఫోన్ కొట్టు!"

"ఎత్తుతలేడే! ఎక్కు బండి!"

ఆ రోజు మామ స్కూటర్ విమానమైంది. వెనక నేను, ఒళ్లో లాప్‌టాప్. గుంతలు, లారీలు, ఎదురొచ్చిన గేదెలు, ఏదీ మమ్మల్ని ఆపలేదు. కడోదరా చౌరస్తాలో టీ బండి పక్కన టెంపో కనబడగానే ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. మామ దూకి టెంపోకు అడ్డం నిలబడ్డాడు.

"ఏమైందన్నా?" చేతిలో చాయ్ ఒలికిపోతుంటే డ్రైవర్ అడిగాడు.

"ఏం గాలే తమ్మీ. మా కోడలు పొద్దుగాల సూర్యున్ని చంపింది, వాళ్లత్త బతికిచ్చింది. నడువు, మల్ల చంపకముందే బిగిద్దాం!"

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆఖరి రెండేళ్ల గీత పాతాళానికి దిగినా సరే, సారవ్వ అత్తను అడగకుండా ఇక జన్మలో ఏ టెక్నాలజీకీ పాడె కట్టను.