డ్రమ్ము కాడి పని

శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటేడు నేనూ మా ఆయనా తుక్కుగూడ దిక్కు ఒక గులాబీ తోటల పనికి కుదిరినం. మా ఊర్ల మాకున్న ఎకరం అప్పటికే ప్లాట్లయింది. తోట పట్నం ఆసామిది. ఆయనను మేమెన్నడూ చూడలే, చూసింది మేస్త్రీనే. పూలు హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు పోయేవి. ఆకు మీద మచ్చ ఉండొద్దు, మొగ్గల పురుగు ఉండొద్దు. అందుకని వారానికి రెండుమాట్ల మందు కొట్టాలె.

కొట్టేది మా ఆయన, కలిపేది నేను. డ్రమ్ములకు నీళ్లు మోసి, మందు పోసి కట్టెతోని తిప్పేదాన్ని. అడుగున ముద్దకడితే చెయ్యి పెట్టి కలిపేదాన్ని. నిండిన పంపును నేను రెండు చేతులతోని లేపితే ఆయన వంగి పట్టీలు తగిలించుకునేటోడు. ఒక్కపూటల గట్ల పదిసార్లు, పన్నెండుసార్లు. మూత కాడ కారి ఆయన అంగీ వీపంతా తడిసేది. అది ఉతికేది కూడా నేనే.

మూడో ఏడు నాకు నడుము పట్టుకున్నది. పొద్దున మంచంల నుంచి లేవాలంటే పక్కకు ఒరిగి, మోకాళ్ల మీద ఆని, గోడ పట్టుకోవాలె. వేళ్లకు తిమ్మిర్లు, రవిక హుక్కులు పెట్టుకోరాకపోయేది. మందు కలిపిన నాడు తలకాయ తిరిగి బువ్వ పోయేది కాదు.

"పనిచేసేటోళ్లకు నడుము నొయ్యదా?" అనేటోడు మేస్త్రీ. నేనూ గట్లనే అనుకున్న.

ఒకనాడు బడిల క్యాంపు పెట్టిన్రు. మందు కొట్టేటోళ్లను పట్నం డాక్టర్లు చూస్తరని మైకుల చెప్పిన్రు. పని బందువెట్టి ఇద్దరం పోయినం. బల్ల కాడ ఒక అమ్మాయి పేర్లు రాసుకుంటున్నది.

"మీరు పంపు కొడతారామ్మా?"

"కొట్టను. మందు కలుపుత, పంపు ఎత్తిస్త."

"ఇది కొట్టేవాళ్లకేనమ్మా. కలిపేవాళ్లని రాయడానికి ఇందులో గడి లేదు."

"గడి లేకుంటే పక్కకు రాయరాదు బిడ్డా? నడుము లేస్తలేదు."

"మీరు ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి" అని నా వెనకున్న మా ఆయన పేరు అడిగింది.

మా ఆయనను లోపలికి పిలిచిన్రు. వీపు చూసిన్రు, రక్తం తీసిన్రు. మాస్కు, నడుముకు బెల్టు ఇచ్చి మగోళ్లందరినీ వరుసగ నిలబెట్టి ఫోటో తీసిన్రు. నేను బయట చెప్పుల కాడ కూసున్న.

ఇంటికొచ్చే తొవ్వల ఆయన బెల్టు నా చేతుల పెట్టిండు. "నువ్వు కట్టుకో, నాకెందుకు?"

మంచికే అన్నడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. "పేరు నీది రాసుకున్నరు, నువ్వే కట్టుకో" అని తిరిగిచ్చేసిన. తెల్లారి ఆయన ఆ బెల్టు కట్టుకొని వంగిండు. నేను పంపు లేపిన.

ఇగ తట్టుకోలేక శంషాబాద్‌ల ఒక డాక్టరుకు చూపించుకున్న. నడుముకు ఎక్స్‌రే తీసి, ఎముకలు అరిగినయన్నడు. తిమ్మిర్లు మందు వల్లనేనా అని అడిగిన. "ఇప్పుడు చెప్పలేనమ్మా. బరువులు ఎత్తకు, మందు ముట్టకు" అన్నడు.

ఆ మాటే మేస్త్రీకి చెప్పిన.

"డ్రమ్ము కాడ ఉండనంటే తోటల నీకేం పని?" అన్నడు.

మా ఆయన వీపు మీది పంపు దించి కింద పెట్టిండు. "ఆమెను పూలు కోసే కాడ పెట్టు. లేకుంటే ఇద్దరం పోతం." పదేండ్ల కాపురంల నా కోసం ఆయన గట్ల నిలబడంగ అప్పుడే చూసిన. మేస్త్రీ గొణిగి ఒప్పుకున్నడు.

వారానికి డ్రమ్ము కాడికి కొత్త మనిషి వచ్చింది. పాలమూరు దిక్కుది, ఇద్దరు పిల్లల తల్లి. మొదటినాడే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, గిదేం వాసన? కండ్లు మండుతున్నయి."

చెయ్యి పెట్టకని చెప్పాలె. బరువు లేపకని చెప్పాలె. నాకేమైందో చూడమని చెప్పాలె. మేస్త్రీ రెండు సాళ్ల అవతల నిలబడి చూస్తున్నడు. ఈమె పోతే మళ్ల నన్నే పిలుస్తడు.

"కొత్తల గట్లనే ఉంటది చెల్లె, అలవాటైతది" అన్న.

నాలుగు నెలలు చేసింది. ఒక సోమవారం రాలే, ఇగ మళ్ల కనపడలే. మేస్త్రీ వేరే ఆమెను తెచ్చుకున్నడు. పాలమూరామెకు ఏమైందో నేను అడగలే. అడిగితే ఎవరన్నా చెప్తరేమోనని భయపడ్డ.